పాత ట్రాలీ మీద చిన్న ట్రాక్టర్: ఎక్కించే ముందు ఏం మార్చాలి, ఏం చూడాలి?

ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దదే. మధ్యలో లెక్కలు కూడా ఉన్నాయి. కానీ లెక్కలంటే భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కలే. బీటెక్ చేసి నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలో లోడ్ టెస్టింగ్ చేశాను. అక్కడ లోడ్ అంటే సర్వర్ మీద పడేది, ఫెయిల్ అయితే మళ్ళీ ఆన్ చేసేవాళ్ళం. ఇవాళ మాట్లాడే లోడ్ ఫెయిల్ అయితే మళ్ళీ ఆన్ చేయడం ఉండదు. అందుకే ఓపిగ్గా చెప్తా, ఓపిగ్గా వినండి.

విషయం ఏందంటే, మన కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేట వైపు వ్యవసాయం ముక్కలు ముక్కలైపోయింది. ఒకప్పుడు కొంపల్లి నుంచి శామీర్‌పేట దాకా ద్రాక్ష తోటలుండేవి, అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకి ఈ చుట్టుపక్కల మంచి పేరు. ఇప్పుడు ఒక వెంచర్, పక్కన రెండెకరాల కూరగాయలు, దాని పక్కన ఫంక్షన్ హాల్, దాని వెనకాల ఎకరం పూలతోట. పెద్ద ట్రాక్టర్ తిరగడానికి జాగా లేదు. అందుకే పదకొండు హెచ్‌పి నుంచి ఇరవై ఏడు హెచ్‌పి దాకా చిన్న ట్రాక్టర్లు బాగా వచ్చాయి. స్వరాజ్, కుబోటా, వీఎస్‌టీ, మహీంద్రా అందరూ అమ్ముతున్నారు. మహీంద్రా వాళ్ళ ఓజా చిన్న ట్రాక్టర్లు తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. 2023 ఆగస్టు 15న విడుదల చేశారు.

బండి చిన్నది, పొలాలు దూరం. ఇక్కడ రెండెకరాలు దున్నాక ఇంకో చోటికి పోవాలి. మరి బండిని ఎట్లా తీసుకుపోవాలి? చాలామంది దగ్గర పాత రెండు చక్రాల ట్రాలీ ఉంటుంది. ఇసుక, ఎరువు, ఇటుకలు మోసి మోసి రిటైర్ అయిన డబ్బా. "దాంట్లో ఎక్కిచ్చుకొని పోదాం" అనుకుంటారు.

మా పెదనాన్న కూడా అదే అనుకున్నడు. ఆయనకి శామీర్‌పేట వైపు ఒక ముక్క, మేడ్చల్ అవతల ఇంకో ముక్క ఉన్నాయి. చిన్న ట్రాక్టర్‌ని కిరాయికి కూడా తిప్పుతాడు. ఫోన్ చేసి ప్లాన్ చెప్పిండు: "పాత డబ్బాకి వెనక డోరు తీసేసి రెండు పలకలు వేస్తం. బండి ఎక్కిస్తం. కట్టుడేం అవసరం లేదు బిడ్డా, పోరడు దాని మీద కూసోని బ్రేకు తొక్కి పట్టుకుంటడు."

ఆ పోరడికి పంతొమ్మిదేళ్ళు. పెదనాన్న దగ్గర రోజువారీ పనిచేస్తాడు. పద్దెనిమిది కిలోమీటర్లు, కదిలే ట్రాలీ మీద, కట్టని ట్రాక్టర్ మీద కూర్చుని, బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఇది ఒక్క మా పెదనాన్న ఐడియా కాదు. రోడ్డు మీద మీరూ చూసే ఉంటారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ పోరడు ఆ సీట్లో కూర్చోకుండా ఉండటం కోసమే.

2018 గుర్తుంది కదా. ఉమ్మడి నల్గొండ ప్రాంతంలో ఒకే ఏడాది రెండుసార్లు కూలీలతో పోతున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. ఏప్రిల్‌లో వద్దిపట్ల దగ్గర ఒకటి, జూన్‌లో వేములకొండ దగ్గర ఒకటి. రెండూ కలిపి ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. పొద్దున పనికి పోయినోళ్ళు. ఆ ట్రాలీలు మోసింది మనుషుల్ని, మనం మోసేది ట్రాక్టర్‌ని. కానీ అక్కడి పాఠం ఇక్కడా వర్తిస్తుంది. ట్రాలీ తిరగబడేటప్పుడు దాంట్లో ఉన్న మనిషికి దూకడానికి టైం ఉండదు. పైగా పక్కన తొమ్మిది వందల కిలోల ఇనుము ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

సరే, పనిలోకి పోదాం.

అసలు మొదటి ప్రశ్న: ట్రాలీ అవసరమా? ఐదారు కిలోమీటర్లైతే, లోపలి రోడ్లే అయితే, చిన్న ట్రాక్టర్‌ని నడుపుకుంటూ పోవడమే మంచిది. నెమ్మదిగా పోతుంది, అంతే. నెలకి ఒకటి రెండు ట్రిప్పులే అయితే పికప్ బండి కిరాయికి మాట్లాడుకోండి. పికప్‌కి నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి, లైట్లుంటాయి, ఫ్లోర్ కూడా కిందికి ఉంటుంది. ఎక్కించే ముందు అది ఎంత బరువు మోస్తుందో ఆర్సీలో చూస్కోండి. ఇక సీజన్‌లో వారానికి మూడు నాలుగు సార్లు తిరగాలి, పెద్ద ట్రాక్టర్ ఎట్లాగూ అటే పోతుంది అంటే, అప్పుడు ట్రాలీ గురించి ఆలోచించడంలో అర్థముంది. మా పెదనాన్నది ఈ మూడో కేసు.

రెండో ప్రశ్న: ఉన్న ట్రాలీ బాగుచేయడానికి పనికొస్తుందా? దీనికి ఒక చిన్న సుత్తి, ఒక ఇనుప బ్రష్, ఒక టార్చి చాలు. ట్రాలీ కిందికి దూరే ముందు జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, చెక్క దిమ్మలు పెట్టండి. హైడ్రాలిక్ ట్రాలీ అయితే డబ్బా లేపి, దానికి ఇనుప సపోర్టు పెట్టకుండా తల కూడా లోపల పెట్టొద్దు. పైపు పగిలితే డబ్బా ఒక్కసారిగా కిందికి వస్తుంది.

కింద పొడవునా పోయే రెండు పెద్ద ఛానళ్ళని సుత్తితో కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము టంగ్ మంటుంది. లోపల తిన్నది డబ్ మంటుంది, పెచ్చులు రాలతాయి. తర్వాత ముందు ఏ ఆకారంలో ఉండే భాగం, అంటే హుక్కు దాకా పోయేది, అక్కడ పాత వెల్డింగ్ పక్కన బ్రష్‌తో రుద్ది చూడండి. వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది పగులు. తుప్పు ఎర్రగా ఒక గీతలా కారుతుంటే దాని కింద పగులున్నట్టే అనుకోండి. ఇరుసు మధ్యలో వంగిందా, కమాన్ పట్టీల్లో ఏదైనా విరిగిందా, యూ బోల్టులు లూజుగా ఉన్నాయా చూడండి. చక్రాన్ని పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడ ఆడితే బేరింగ్ పోయినట్టు.

ఇరుసులో పగులున్నా, హుక్కు భాగంలో పగులున్నా, ఛానల్ సగం తిన్నా ఆ ట్రాలీని వదిలేయండి. పైన ఒక ప్లేటు వేసి వెల్డింగ్ కొట్టేద్దాం అంటారు, ఒప్పుకోవద్దు. ఇరుసుకీ కమాన్ పట్టీలకీ వెల్డింగ్ పెట్టకూడదు. ఆ స్టీలు వేడికి పెళుసైపోతుంది. అట్లా పెట్టింది ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, లోడ్‌లో గుంత దగ్గర విరుగుతుంది. పెదనాన్న ట్రాలీకి ఛానళ్ళు గట్టిగా ఉన్నాయి, ఇరుసు బాగుంది. బేరింగులు పోయాయి, ఫ్లోర్ షీటు జల్లెడ అయింది, హుక్కు రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. ఇవన్నీ మార్చుకోగలిగేవే.

ఇప్పుడు బరువుల లెక్క. ఒక కాగితం తీస్కోండి. చిన్న ట్రాక్టర్ బరువు పుస్తకంలో ఉంటుంది. మోడల్‌ని బట్టి అర టన్ను కంటే తక్కువ నుంచి టన్ను దాకా ఉంటుంది. దానికి రోటవేటర్ బరువు, డీజిల్, టైర్లలో నీళ్ళు పోసి ఉంటే ఆ నీళ్ళు, ముందు దిమ్మలు కలపండి. నేను ఉదాహరణకి 900 కిలోలు పట్టుకుంటున్నా. ఖాళీ ట్రాలీ 900 కిలోలు అనుకుందాం.

ఇక్కడ అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. మనం చేసే ప్రతి రిపేరుకీ బరువుంటుంది. ఐదు మిల్లీమీటర్ల చెకర్డ్ షీటు చదరపు మీటరుకి దాదాపు 40 కిలోలు. పది అడుగులు, ఆరు అడుగుల ఫ్లోర్ అంటే ఐదున్నర చదరపు మీటర్లు, అంటే 220 కిలోలు దాటుతుంది. ర్యాంపులు రెండూ కలిపి ఇంకో వంద. మన 900 కిలోల ట్రాలీ 1,200 దాకా పోతుంది. పాత షీటు తీసేయకుండా పైనే కొత్తది వేస్తే ఇంకా పెరుగుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. మేడ్చల్, జీడిమెట్ల వైపు వేబ్రిడ్జీలకి కొదవ లేదు. ఆ చీటీ దాచుకోండి, తర్వాత ఆర్సీ పనికీ కావాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. ఇసుక వేస్తే బరువు ఫ్లోర్‌కి ఆనుకుని ఉంటుంది. ట్రాక్టర్ అట్లా కాదు, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ ఎద్దు లాంటిది, బరువంతా పైన ఉంటుంది. ట్రాలీ ఫ్లోర్ భూమికి 95 సెంటీమీటర్లు, దాని మీద ట్రాక్టర్ బరువు మధ్యస్థానం ఇంకో 60. అంటే భూమి నుంచి ఒకటిన్నర మీటర్ల పైన తొమ్మిది వందల కిలోలు ఊగుతున్నాయి. ట్రాలీ బరువు కూడా కలిపితే మొత్తం మధ్యస్థానం 1.17 మీటర్ల దగ్గర వస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం ఐదడుగులు, అంటే మీటరున్నర. దాంట్లో సగం 0.75. దీన్ని 1.17తో భాగిస్తే 0.64. అర్థం ఏందంటే, మొత్తం బరువులో 64 శాతం బలం పక్కకి తోస్తే ట్రాలీ పడిపోతుంది.

ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? మలుపులో వేగం నుంచి. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుందాం, ఊళ్ళోకి తిరిగే మూల లాంటిది. 20 కిలోమీటర్ల స్పీడుతో తిరిగితే పక్కకి తోసే బలం బరువులో 21 శాతం. 30తో తిరిగితే 47 శాతం. స్పీడు ఒకటిన్నర రెట్లు పెరిగింది, తోపు రెండుంపావు రెట్లయింది. 35తో తిరిగితే 64, అంటే కాగితం మీదే పడిపోయింది. నిజం రోడ్డు మీద కాగితం దాకా కూడా ఆగదు. కమాన్లు ఒక పక్కకి కుంగుతాయి, టైరు నలుగుతుంది, రోడ్డు వాలుగా ఉంటుంది, ఒక చక్రం గుంతలో పడుతుంది. అందుకే మలుపులో 15 దాటొద్దు, నేరు రోడ్డు మీద 20, 25 దాటొద్దు. ఏ వెల్డింగ్ ఇవ్వలేని భద్రత ఇది. పైసా ఖర్చు లేదు.

ఫ్లోర్ ఒక అడుగు కిందికి దించితే? లాభమే, కానీ లెక్క వేస్తే 0.64 కాస్తా 0.73 అవుతుంది. మంచిదే కానీ అద్భుతమేం కాదు. దించడానికి చిన్న టైర్లు, వేరే ఇరుసు కావాలి. ఆ డబ్బుతో బ్రేకులు పెట్టించుకోవడం మేలు.

బ్రేకులు. మన పాత రెండు చక్రాల ట్రాలీలకి చాలావాటికి బ్రేకులే ఉండవు. లాగే ట్రాక్టరే అంతా ఆపాలి. ట్రాక్టర్ 2,000 కిలోలు, ట్రాలీ 1,200, పైన 900. మొత్తం 4,100. ఆపేది మాత్రం 2,000 కిలోల బండి టైర్లు. ట్రాక్టర్ ఒక్కటే 30 స్పీడులో బ్రేకు కొడితే సుమారు 9 మీటర్లలో ఆగుతుంది అనుకుందాం. ఇదే బండి ఈ లోడ్‌తో సుమారు 18 మీటర్లు తీసుకుంటుంది. మనకి కాలు బ్రేకు మీదికి పోవడానికి పట్టే ఒక్క సెకన్లో ఇంకో 8 మీటర్లు పోతుంది. అంటే 26 మీటర్లు. ముందు స్కూటీ ఆగితే మీకు 26 మీటర్ల జాగా ఉందా, రోజూ రోడ్డు మీద పోతూ చూస్కోండి.

ఇంకోటి, తడి రోడ్డు మీద వాలులో బ్రేకు కొడితే ట్రాలీ వెనక నుంచి తోస్తుంది. ట్రాక్టర్ అడ్డం తిరిగి రెండూ కత్తెర లాగా ముడుచుకుంటాయి. అందుకే బ్రేకు డ్రమ్ములున్న ఇరుసు వేయించుకోండి. జీడిమెట్ల, బాలానగర్ వైపు ట్రాలీలు తయారుచేసే షాపుల్లో అడగండి, ట్రాక్టర్ నుంచి పనిచేసే బ్రేకు పెట్టిస్తారు. మొత్తం అప్‌గ్రేడ్‌లో ఒక్కదానికే డబ్బుంటే దీనికే పెట్టండి. ఫ్లోర్, రంగు తర్వాత చేయించుకోవచ్చు.

బ్రేకులున్నా లేకున్నా కొన్ని రూల్స్ ఉన్నాయి. లాగే ట్రాక్టర్ బరువు, ట్రాలీ లోడ్‌తో కలిపి ఉన్న బరువుకి దగ్గరగా ఉండాలి. తక్కువ హెచ్‌పి బండితో లాగొద్దు. లాగడానికి పవర్ సరిపోతుంది, ఆపడానికి బరువు సరిపోదు. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టొద్దు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళని కలిపే లాక్ రోడ్డు మీద తప్పనిసరిగా వేసి ఉండాలి. పొలంలో విడదీసి మర్చిపోతారు. రోడ్డు మీద ఒక్క పెడల్ తొక్కితే బండి గిర్రున తిరుగుతుంది.

ఇప్పుడు హుక్కు. అరిగిన రంధ్రంలో కొత్త బుష్ వేయించండి, పిన్ను సరిగ్గా సరిపోయేది తీస్కోండి. పిన్నుకి కింద లాక్ క్లిప్పు ఉండాలి, మేకు వంచి పెట్టడం కాదు. పక్కన ఒక గొలుసు, ట్రాలీ నుంచి ట్రాక్టర్‌కి. పిన్ను ఎగిరిపోయినా ట్రాలీ రోడ్డు మీద ఒంటరిగా పోకుండా పట్టుకుంటుంది. లాగే చోటు ఎప్పుడూ కింద ఉన్న డ్రాబారే. పైన టాప్ లింక్ దగ్గర తగిలిస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి పడుతుంది.

ట్రాలీలో ట్రాక్టర్‌ని ఎక్కడ నిలపాలి? రెండు చక్రాల ట్రాలీ అంటే తక్కెడ. ఇరుసు నుంచి హుక్కుకి మూడు మీటర్లు అనుకుందాం. ట్రాక్టర్ బరువు మధ్యస్థానం ఇరుసుకి ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు ముందుకి ఉంటే హుక్కు మీద 90 కిలోలు పడుతుంది. బరువులో పదో వంతు, బాగుంది. అదే ఒక అడుగు వెనక్కి పోతే హుక్కుని 90 కిలోలతో పైకి లేపుతుంది. లాగే ట్రాక్టర్ వెనక టైర్లకి పట్టు తగ్గుతుంది, ట్రాలీ పాము లాగా ఊగుతుంది. మరీ ముందుకి పోతే లాగే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ పనిచేయదు. అందుకే ఒకసారి సరైన చోటు చూసుకుని, ముందు టైర్లు ఆగేచోట అడ్డంగా ఒక ఛానల్ ముక్క వెల్డింగ్ చేయించండి. రంగుతో గీత కూడా గీయండి. తర్వాత ఎవరు ఎక్కించినా అక్కడే ఆగుతుంది. రోటవేటర్ ఉన్నప్పుడు, లేనప్పుడు మధ్యస్థానం మారుతుంది కాబట్టి రెండు గీతలు.

ఫ్లోర్ మీద వెనకా ముందూ టైర్లు పోయే దారిలో రాడ్డు ముక్కలు అడ్డంగా వెల్డింగ్ చేయిస్తే పట్టు ఉంటుంది. తడి మట్టి టైరు, నున్నటి షీటు కలిస్తే సబ్బే.

ర్యాంపు సంగతి. 95 సెంటీమీటర్ల ఎత్తుకి ఆరడుగుల పలక వేస్తే వాలు 31 డిగ్రీలు. ఎనిమిది అడుగులైతే 23. పన్నెండు అడుగులైతే 15. పదిహేను దగ్గరికి తేవడమే లక్ష్యం. పన్నెండడుగుల ర్యాంపు మోయలేం కదా అంటారు. నిజమే. దానికి మన ఊళ్ళ ఉపాయమే ఉంది, గట్టు. రెండు అడుగుల ఎత్తు గట్టుకి ట్రాలీని వెనక్కి ఆనిస్తే మిగిలేది ఒక అడుగు. ఎనిమిది అడుగుల ర్యాంపుతో హాయిగా ఎక్కుతుంది. గట్టు గట్టిగా ఉండాలి, వాన పడ్డ మెత్తటి గట్టు కాదు. రోజూ ఎక్కించే చోటైతే మొరంతో ఒక చిన్న దిబ్బ పోయించుకోండి.

ర్యాంపు పైభాగాన కొక్కెం ఉండి ట్రాలీకి తగులుకోవాలి. ఉత్తగా ఆనించిన పలక, చక్రం ఎక్కగానే వెనక్కి జారుతుంది. ఎక్కించేటప్పుడు ట్రాలీ లాగే ట్రాక్టర్‌కి తగిలించే ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి, ట్రాలీ చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి ఉండాలి. తగిలించకుండా ఎక్కిస్తే చిన్న ట్రాక్టర్ వెనక అంచు మీదికి రాగానే ట్రాలీ ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. తగిలించి ఉన్నా ఆ తోపు వస్తుంది, కాబట్టి వెనక అంచు కింద రెండు పక్కలా రెండు కాళ్ళు, అంటే దించుకునే స్టాండ్లు పెట్టించండి.

వెనక రోటవేటర్ ఉన్న చిన్న ట్రాక్టర్‌కి ముందు భాగం తేలిక. ముందుకి ఎక్కిస్తే ముందు చక్రాలు లేచి డ్రైవర్ మీద పడే ప్రమాదం ఉంది. రివర్స్‌లో ఎక్కించండి, బరువు వైపు పైకి ఉంటుంది. అట్లా ఎక్కిస్తే బండి ముఖం వెనక్కి ఉంటుంది కాబట్టి ఆగే అడ్డు, గీతలు దానికి తగ్గట్టు చూస్కోండి. దించేటప్పుడు ముందుకి, అన్నిటికంటే తక్కువ గేరులో. ర్యాంపు మధ్యలో క్లచ్ తొక్కొద్దు, గేరు మార్చొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. పక్కన ఎవరూ ఉండకూడదు. పిల్లలు అసలే వద్దు. చేత్తో పట్టుకుని ఆపుదాం అని వచ్చేవాళ్ళని ముందే దూరం పంపండి.

ఇక కట్టడం. ఇదే ఆ పోరడి ఉద్యోగం మార్చేది. యూరప్ వాళ్ళ లెక్కలో ముందుకి బరువులో 80 శాతం, పక్కలకీ వెనక్కీ 50 శాతం బలాన్ని కట్లు తట్టుకోవాలి. మన 900 కిలోలకి అది ముందుకి 720, పక్కకి 450. సడన్ బ్రేకు పడితే 720 కిలోల తోపు. పోరడు బ్రేకు తొక్కితే చక్రాలు తిరగవు, నిజమే. కానీ చక్రాలు తిరగకుండానే బండి మొత్తం షీటు మీద జారుతుంది. ఆ జారుడిని కాలు ఆపదు.

నాలుగు మూలల్లో నాలుగు రింగులు. షీటుకి కాదు, కింద ఉన్న పెద్ద ఛానల్‌కి వెల్డింగ్ చేయించాలి. రెండు అంగుళాల రాచెట్ బెల్టులు నాలుగు తీస్కోండి. బెల్టు మీద చీటీ కుట్టి ఉంటుంది, ఎంత బరువుకి వాడాలో, ఎంతకి తెగుతుందో. రెండో నంబర్ పెద్దది, దాన్ని చూసి మురవొద్దు, మొదటిదే మనది. నంబర్ రాసి లేని తాడుని నమ్మొద్దు. అది ఎంత మోస్తుందో దానికే తెలియదు. 45 డిగ్రీల వాలులో కడితే బెల్టు బలంలో 70 శాతమే ముందుకీ వెనక్కీ పనికొస్తుంది. ఆ లెక్కతో కూడా, ముందుకి జారకుండా వెనక్కి లాగే రెండు బెల్టులూ ఒక్కోటి టన్నుకి తగ్గకుండా ఉంటే సరిపోతుంది.

రెండు బెల్టులు ముందుకి లాగాలి, రెండు వెనక్కి లాగాలి. ట్రాక్టర్ ఇరుసుకో ఛాసిస్‌కో కట్టండి. స్టీరింగ్ రాడ్డుకి, బంపర్‌కి, హైడ్రాలిక్ చేతులకి కట్టొద్దు. పదునైన అంచు మీద బెల్టు పోతుంటే పాత టైరు ముక్క అడ్డం పెట్టండి. రోటవేటర్ ఫ్లోర్ మీదికి దించేయాలి, గాల్లో వేలాడకూడదు. హ్యాండ్ బ్రేకు, తక్కువ గేరు, తాళం జేబులో. టైర్లకి దిమ్మలు. బయలుదేరిన మూడు నాలుగు కిలోమీటర్లకి ఒకసారి ఆగి మళ్ళీ బిగించండి. టైర్లు నలిగి, కమాన్లు కుదురుకుని, బెల్టు కచ్చితంగా వదులవుతుంది.

లైట్లు. మేడ్చల్ దగ్గర ఎన్‌హెచ్ 44, శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి. రాత్రి అక్కడ కార్లు వచ్చే స్పీడు మీకు తెలుసు. వెనక నుంచి 80తో వచ్చేవాడికి 20తో పోయే చీకటి ట్రాలీ, రోడ్డు మధ్యలో నిలబడ్డ గోడతో సమానం. వెనక ఎర్ర టేపు, పక్కలకి పసుపు టేపు, ముందు తెల్ల టేపు. మెరిసే మంచి టేపే తీస్కోండి. టెయిల్ లైటు, ఇండికేటర్లు, ట్రాక్టర్ నుంచి సాకెట్‌తో వైరు. వెనక ఒక పెద్ద మెరిసే త్రికోణం కూడా పెట్టండి. నెమ్మదిగా పోయే బండి అని చెప్పే ఆ గుర్తు 1960ల మొదట్లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పుట్టింది, అక్కడి రైతులని వెనక నుంచి కార్లు గుద్దుతుంటేనే. సమస్య అక్కడా ఇక్కడా ఒకటే. వీలైతే రాత్రి పోనే వద్దు. లోపలి రోడ్లు, ఓఆర్‌ఆర్ సర్వీస్ రోడ్డు ఉన్నచోట హైవే ఎక్కొద్దు.

వెల్డింగ్ షాపులో రెండు జాగ్రత్తలు. ట్రాక్టర్ తగిలించి ఉండగా వెల్డింగ్ చేస్తే ముందు బ్యాటరీ వైరు తీసేయండి. గాలి ఉన్న టైరు బిగించి ఉండగా రిమ్ము మీద వెల్డింగ్ అసలు పెట్టనివ్వొద్దు. లోపల గాలి వేడెక్కి టైరు బాంబు లాగా పేలుతుంది.

కాగితాలు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, ట్రాక్టర్‌ది సరిపోదు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్, ఆర్సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు అంటుంది. ఇరుసు మార్చినా, బరువు మారినా పని మొదలుపెట్టే ముందే రవాణా ఆఫీసులో అడిగి రాయించుకోండి. ఇన్సూరెన్స్ కాగితంలో సొంత వ్యవసాయానికి అని ఉందా, కిరాయికి కూడానా చదవండి. ఏదైనా జరిగిన రోజు ఆ ఒక్క లైను మీదే గొడవంతా ఉంటుంది.

ఇదంతా చెప్పాక పెదనాన్న అడిగిండు: "ఇంత ఖర్చు చేస్తే కొత్త డబ్బానే వస్తది గదరా?" మంచి ప్రశ్న. బేరింగులు, బుష్, బెల్టులు, రింగులు, టేపు, లైట్లు, వీటికి పెద్ద ఖర్చు కాదు. ఫ్లోర్, బ్రేకు ఇరుసు, ర్యాంపులు పెద్ద ఖర్చు. మొత్తం కొత్త ట్రాలీ ధరలో సగం దాటుతుందంటే కొత్తదే తీస్కోండి, ఫ్లోర్ కిందికి ఉండేలా చెప్పి చేయించుకోండి. మాకు సగంలోపే వచ్చింది. ఎందుకంటే ఛానళ్ళు, ఇరుసు గొట్టం గట్టిగా ఉన్నాయి, డ్రమ్ములు దానికే పట్టాయి. షాపులో మేస్త్రీ మాత్రం ఒక మాటన్నడు: "తమ్మీ, అందరూ రంగు ఏం రంగు అని అడుగుతరు. బ్రేకు గురించి అడిగినోళ్ళు తక్కువ."

ఇప్పుడు ఆ పోరడు ట్రాలీ మీద ఎక్కట్లేదు. బెల్టులు బిగించడం వాడికే నేర్పినం. మా నాలుగు కిలోమీటర్ల స్టాప్ దగ్గర దిగి, నాలుగూ లాగి చూసి, చెయ్యి ఊపేది వాడే. చిన్న ట్రాక్టర్ లోడ్ చేసిన రోజు వాడు వెనకాల బైకు మీద వస్తాడు, ఇండికేటర్ వేసుకుని. పెదనాన్న "టైం వేస్ట్" అని గొణుగుతాడు. గొణగనీయండి.

మీ దగ్గర పాత డబ్బా ఉంటే ఈ వారం సుత్తి, టార్చి తీసుకుని ఒక గంట కిందికి దూరి చూడండి, దిమ్మలు పెట్టాకే. వచ్చే ఎపిసోడ్‌లో ట్రాలీ బేరింగులు ఇంట్లోనే విప్పి గ్రీజు పెట్టడం చూపిస్తా. నిదానంగా పోండి, జాగ్రత్తగా ఇల్లు చేరండి. ఉంటా మరి.